మహళ్ల లోపలి వెలుగును దాచిపెట్టిన ముసవ్విర్ జంగ్

ఇప్పుడు నర్సరావుపేటలోనో మాచర్లలోనో నికాహ్ కుదిరితే, షాదీఖానా మాట్లాడుకున్నాక చాలా ఇళ్లలో వచ్చే మాట ఒకటే. ఆడవాళ్ల వైపు ఫొటోలు తీయడానికి లేడీ ఫొటోగ్రాఫర్ దొరుకుతారా అని. ఇదేదో ఈ కాలం అవసరం అనుకుంటాం. కానీ 1890లలోనే హైదరాబాద్‌లో ఒకాయన దీనికి దారి చూపించారు. ఆయన జైన కుటుంబంలో పుట్టిన లాలా దీన్ దయాళ్.

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. 1870లలో సరదాకి కెమెరా పట్టుకున్నారు. ఆ సరదాయే చివరికి సర్కారు కొలువు మాన్పించింది. 1880లలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు.

నిజాం వేట ఫొటోలు, ఫౌజు కవాతులు ఆయనకు పేరు తెచ్చాయి. అయితే మహళ్ల లోపల తీసిన ఫొటోల్లో ఆయన పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. అప్పట్లో గాజు పలకల మీద ఫొటో తీయాలి. గది లోపల కిటికీల్లోంచి వచ్చే వెలుతురే దిక్కు. లెన్స్ చాలాసేపు తెరిచి ఉంచాలి, కెమెరా ఇసుమంత కూడా కదలకూడదు. ఇళ్ల ప్లాన్లు గీసిన చెయ్యి కదా, ఆయన ఫొటోల్లో స్తంభాలు నిటారుగా నిలబడతాయి. ఝూమర్లు, అద్దాలు, తివాచీలు దేనికది విడిగా కనిపిస్తాయి. మనం గుమ్మంలో నిలబడి దీవాన్‌ఖానాలోకి చూస్తున్నట్టే ఉంటుంది.

1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. పర్దా పాటించే బేగములు అక్కడ నిశ్చింతగా ఫొటో తీయించుకునేవారు. వాళ్ల పద్ధతిని తప్పుపట్టకుండా, దానికి తగ్గట్టు తన వ్యాపారాన్నే మార్చుకున్నారాయన. నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు.

1905 జూలై 5న బొంబాయిలో కన్నుమూశారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు రెండున్నర వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

ఫలక్‌నుమా ఇవాళ హోటలై నిలబడి ఉంది. బషీర్‌బాగ్ ప్యాలెస్ మాత్రం లేదు, ఆ పేరుతో ఒక సెంటర్ మిగిలింది. ఆ మహల్ లోపల ఎలా ఉండేదో చూడాలంటే దీన్ దయాళ్ ఫొటోలే దిక్కు.

మన పల్నాడులో కూడా నాపరాళ్లు పరిచిన తాతల నాటి ఇళ్లు పడగొట్టి స్లాబు ఇళ్లు వేసుకుంటున్నాం. వేసుకోవాల్సిందే. కాకపోతే గునపం పడే ముందు, ఒక పగటిపూట కిటికీలన్నీ తెరిచి, దాదీమా నమాజు చేసుకున్న ఆ గదిని ఫోన్ కదలకుండా ఒక్క ఫొటో తీసి ఉంచండి.