అరబ్బు సంగీత చరిత్రకారుడు హెన్రీ జార్జ్ ఫార్మర్

చరిత్ర రచనలలో సంగీతచరిత్ర రచన మిక్కిలి కష్టసాధ్యమైనది. రాజులు కట్టించిన కోటలు శిథిలమైనా నిలుస్తాయి. వేయించిన శాసనాలు ఏదో ఒకనాడు బయటపడతాయి. గాయకుని కంఠస్వరం మాత్రం అతనితోనే అంతరిస్తుంది. మిగిలేవి శాస్త్రగ్రంథాలు, వాద్యాల పేర్లు, సమకాలికులు వ్రాసి ఉంచిన వృత్తాంతాలు మాత్రమే. ఇట్టి స్వల్పమైన ఆధారాలతో మధ్యయుగపు అరబ్బు సంగీతచరిత్రను సమకూర్చిన విద్వాంసులలో అగ్రగణ్యుడు హెన్రీ జార్జ్ ఫార్మర్. ఆయన అరబ్బు కారు, ముస్లిమూ కారు. ఆయన జీవితం మన విద్యార్థిలోకానికి ఆదర్శప్రాయమని భావించి ఇచ్చట సంగ్రహంగా పరిచయం చేస్తున్నాము.

ఫార్మర్ 1882 జనవరి 17న ఐర్లండులోని బిర్ పట్టణంలో ఒక సైనికుని ఇంట జన్మించారు. పదునాలుగేండ్ల ప్రాయంలోనే, 1896లో, బ్రిటిష్ రాయల్ ఆర్టిలరీ వాద్యబృందంలో చేరారు. వాద్యం వాయించడంతో ఆయన తృప్తి చెందలేదు. తాను పనిచేసే బృందానికి చరిత్ర ఏమిటని విచారించి, 1904లో దానిపై ఒక గ్రంథం ప్రకటించారు. 1912లో సైనిక సంగీత వికాసాన్ని గురించి మరొక గ్రంథం వెలువరించారు. అనారోగ్యం వలన సైన్యాన్ని విడిచిన పిమ్మట, 1914లో గ్లాస్గో నగరంలోని ఎంపైర్ థియేటరులో వాద్యబృంద నిర్వాహకులయ్యారు. 1947 వరకు ఆయన జీవనాధారం ఆ ఉద్యోగమే. 1919లో నగర ఉద్యానాలలో సామాన్య ప్రజలు ఉచితంగా వినేందుకై ఒక వాద్యగోష్ఠిని కూడా స్థాపించారు.

ఆయన దృష్టిని అరబ్బు సంగీతంవైపు మరల్చినది ఒక ఫ్రెంచి పుస్తకం. అల్జీర్సులో కొంతకాలం నివసించిన సాల్వడార్ డానియల్ అనే సంగీతజ్ఞుడు దానిని వ్రాశారు. ఫార్మర్ దానిని ఆంగ్లంలోనికి అనువదించి, విపులమైన వ్యాఖ్యతో ప్రకటించారు. ఆ కృషిలో ఆయనకు ఒక సత్యం బోధపడింది. అరబ్బీ భాష రానిదే ఈ విషయంలో ఇతరుల మాటలపై ఆధారపడక తప్పదు. నడివయస్సులో, రాత్రివేళ థియేటరు పని చేసుకుంటూనే, ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో అరబ్బీ అభ్యసించారు. 1924లో ఎం.ఏ. పట్టాన్ని, 1926లో తన నలుబదినాలుగవ యేట డాక్టరేటును పొందారు.

ఆ పరిశోధన ఫలితమే 1929లో వెలువడిన పదుమూడవ శతాబ్దం వరకు గల అరబ్బు సంగీతచరిత్ర. ఇస్లామునకు పూర్వపు దినాలతో ప్రారంభమై, 1258లో హులాగూ సేనలు బాగ్దాదును ధ్వంసం చేయడంతో ఆ గ్రంథం ముగుస్తుంది. ప్రతి యుగంలోను రాజకీయ సాంఘిక పరిస్థితులు, సంగీతశాస్త్రం, విద్వాంసుల జీవితాలు అందులో వివరించబడ్డాయి. సంగీతశ్రవణం ధర్మసమ్మతమా కాదా అని ఉలమాల మధ్య సాగిన చర్చకు కూడా ఒక అధ్యాయం కేటాయించారు. అబ్బాసీల ఆస్థానంలోని ఇస్‌హాక్ మౌసిలీ, బాగ్దాదునుండి కొర్డోవాకు సంగీతాన్ని కొనిపోయిన జిర్యాబ్, ఊద్ తంత్రులపై స్వరస్థానాలను నిర్ణయించిన అల్ కిందీ, సంగీతశాస్త్రంపై బృహద్గ్రంథం రచించిన అల్ ఫారాబీ, స్థాయిని పదునేడు భాగాలుగా విభజించిన సఫీయుద్దీన్ ఉర్మవీ మున్నగువారు ఒకే పరంపరకు చెందినవారుగా అందులో సాక్షాత్కరిస్తారు.

ఐరోపా సంగీతం అరబ్బులకు ఎంతవరకు ఋణపడి ఉన్నదన్న ప్రశ్న ఫార్మరును పెద్ద వివాదంలో దింపింది. 1925లో ఆయన వాదాన్ని కాథ్లీన్ ష్లెసింజర్ అనే విదుషీమణి తీవ్రంగా ఖండించారు. 1930లో ఆయన ఒక గ్రంథరూపంగా బదులిచ్చారు. వాద్యాల విషయంలో ఆయన పక్షమే నిలిచింది. ఐరోపావారి ల్యూట్ మన ఊద్. వారి రెబెక్ మన రబాబ్. మధ్యయుగపు ఆంగ్లంలోని నేకర్ అరబ్బీ నక్కారా. తెలుగునాట మనం నగారా అని పిలుచుకునే పదం కూడ ఆ నక్కారానుండి వచ్చినదే. కాని ఐరోపావారి స్వరాక్షరాలకు సైతం అరబ్బీయే మూలమన్న ఆయన ఊహను తరువాతి పండితులు అంగీకరించలేదు. అభిమానం ఆధారాన్ని దాటిపోయిన చోట గొప్ప పండితుడైనా నిలువజాలడని దీనివలన మనం గ్రహించాలి. ఆయన కీర్తి ఈ ఊహలమీద ఆధారపడినది కాదు. వ్రాతప్రతులను ఓపికగా చదివి నిర్ధారించిన విషయాలమీద నిలిచినది.

1932లో ఈజిప్టు రాజు ఫువాద్ కైరోలో అరబ్బు సంగీత మహాసభను సమావేశపరిచారు. బార్టోక్, హిండెమిత్ వంటి ప్రసిద్ధ స్వరకర్తలు హాజరైన ఆ సభలో చరిత్ర, వ్రాతప్రతుల సంఘానికి ఫార్మరే అధ్యక్షత వహించారు. పదునాలుగేండ్లకే బ్యాండులో చేరిన బాలుడు, అరబ్బుల గడ్డపై అరబ్బుల సంగీతచరిత్రను గూర్చి పెద్దల సభ నడిపే స్థాయికి ఎదిగాడన్నమాట!

1940లో ఆయన అరబ్బు సంగీతానికి ఆకరాలైన గ్రంథాల పట్టికను ప్రకటించారు. ఏ గ్రంథం ఏ గ్రంథాలయంలో ఉన్నదో తరువాతివారికి చూపిన దీపమది. 1965 డిసెంబరు 30న ఆయన దివంగతులయ్యారు. ఆయన సేకరించిన గ్రంథసంపద గ్లాస్గో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! అరబ్బీ లిపి ఫార్మరుకు నడివయస్సులో కష్టపడి సంపాదించుకొన్న విద్య. మనలో ఉర్దూ చదివేవారికి ఆ అక్షరాలు బాల్యంనుండీ పరిచితాలే. మన హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయంలోనే అరబ్బీ, పారసీక, ఉర్దూ వ్రాతప్రతులు అనేకం కలవు. వానిని చదివి, అందలి విషయాన్ని తెలుగువారికి అందించే బాధ్యత రెండు భాషలూ ఎరిగిన మనది కాక మరెవరిది?