ఓటమే పాఠం.. స్వర్ణమే ఫలితం

ప్రొద్దుటూరు: జట్టు గెలిచినంత కాలమే కోచ్ పదవి నిలుస్తుందన్నది ఫుట్‌బాల్ లోకంలో అలిఖిత నియమం. 10 గోల్స్ తేడాకు ఒక్కటే తక్కువగా ఓడిన జట్టుకు శిక్షకుడిగా ఉండి, మళ్లీ దేశం నమ్మకాన్ని చూరగొన్న హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలల్లో పిల్లలకు ఆటలు నేర్పే వ్యాయామోపాధ్యాయులకు ఆయన జీవితం ఆదర్శప్రాయం. ఆయన కూడా బడిపంతులే.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించిన రహీం ఉపాధ్యాయ వృత్తి నుంచి శిక్షణ రంగంలోకి వచ్చారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం సాధించింది.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఘోర పరాజయం ఎదురైంది. చలిలో మనవారు పలువురు పాదరక్షలు లేకుండానే ఆడారు. ఆ పిమ్మట బూట్లు ధరించడాన్ని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తప్పనిసరి చేసింది. నాలుగేళ్లకు రహీం శిక్షణలోని జట్టు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేదింటి యువకుడు తులసీదాస్ బలరాంను వెలుగులోకి తెచ్చిందీ ఆయనే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒక డ్రా, రెండు ఓటములతో జట్టు వెనుదిరిగింది. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి క్యాన్సర్ రహీంను కుంగదీస్తోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నయిల్ సింగ్‌ను ఆయన సెమీస్ నుంచి ముందు వరుసకు పంపారు. సెప్టెంబరు 4న ప్రేక్షకుల గేలి నడుమ జరిగిన ఫైనల్లో అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. ఒక గోల్ పి.కె.బెనర్జీది, రెండోది జర్నయిల్‌ది.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల వరకు ఆసియా ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మళ్లీ దక్కలేదు. ఆయన జీవితగాథతో 2024లో మైదాన్ హిందీ చిత్రం విడుదలైంది. కప్పులు కోచ్ పదవిని నిలబెట్టవచ్చు. ఓటమికి కారణం వెదికి సరిదిద్దడమే రహీం పేరును నిలిపింది.