వలస పిల్లవాడి నుంచి సెనేటర్ దాకా: క్నూట్ నెల్సన్

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి గవర్నరైన క్నూట్ నెల్సన్ పుట్టింది నార్వేలోని ఎవాంగర్‌లో, 1843 ఫిబ్రవరి 2న. తల్లి ఇంగెబోర్గ్‌కు అప్పటికి పెళ్లి కాలేదు. 1849లో ఆరేళ్ల బిడ్డను వెంటబెట్టుకుని ఆమె ఓడెక్కింది. షికాగో వీధుల్లో ఆ పిల్లవాడు పేపర్లు అమ్మాడు. తర్వాత తల్లి విస్కాన్సిన్‌లో ఒక నార్వే అతన్ని పెళ్లాడడంతో పొలం పనుల్లో పడ్డాడు.

అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరి, 1863లో పోర్ట్ హడ్సన్ దగ్గర గాయపడి శత్రువులకు చిక్కారు. బయటపడి వచ్చి లా చదివారు, విస్కాన్సిన్ శాసనసభలో కూర్చున్నారు. 1871లో మిన్నెసోటాలోని అలెగ్జాండ్రియాకు మారి ఒక పక్క సేద్యం, ఇంకో పక్క వకీలు పని నడిపారు.

1882లో కాంగ్రెస్‌కు పోటీ చేసినప్పుడు ఎదురు నిలిచిన చార్లెస్ కిండ్రెడ్ డబ్బున్న మనిషి. స్కాండినేవియా నుంచి వచ్చిన రైతులు నెల్సన్ వెనక నిలబడ్డారు, గెలిపించారు. భాషా సంఘాలు నడిపే మాలాంటివాళ్లకు ఆ బలం ఎలాంటిదో తెలుసు. అందుకే తర్వాతి సంగతి మమ్మల్ని ఎక్కువ బాధించింది.

1889 జనవరిలో నెల్సన్ పేరుతోనే ఒక చట్టం వచ్చింది. మిన్నెసోటాలోని ఓజిబ్వే మూలవాసులను చాలావరకు వైట్ ఎర్త్ అనే ఒక్క చోటికి చేర్చాలి, ఉమ్మడి భూమిని మనిషికింత అని పంచాలి, మిగిలింది వలస రైతులకూ కలప వ్యాపారులకూ అమ్మాలి. ఇదీ దాని సారం. పంచిన భూమి కూడా తర్వాతి చట్టాలతో, మోసాలతో చాలామట్టుకు చేజారింది. రెడ్ లేక్ వాళ్లు మాత్రం ఎంతో భూమి పోగొట్టుకున్నా, మిగిలినదాన్ని ముక్కలు కానివ్వలేదు. ఈనాటికీ అది ఉమ్మడిదే. పరాయి గడ్డ మీద సొంత భూమి కోసం వచ్చినవారి ప్రతినిధి, ఆ గడ్డ మీద ముందునుంచీ ఉన్నవారి భూమికి ఇలా ఎసరు పెట్టడాన్ని మేము సమర్థించలేం. ఆయన ఓటర్లకు మాత్రం అది మేలుగానే కనిపించింది.

1893లో గవర్నరయ్యారు. ఆ రాష్ట్రంలో ఆ పదవి దక్కిన మొదటి స్కాండినేవియా సంతతివాడు ఆయనే. మరుసటి ఏడు హింక్లీ కార్చిచ్చులో నాలుగు వందలకు పైగా చనిపోతే, సాయం అందించడానికి ఒక కమిషన్ వేశారు. 1895లో శాసనసభ్యులు ఆయన్ని సెనేట్‌కు ఎన్నుకున్నారు (అప్పట్లో సెనేటర్లను వాళ్లే ఎన్నుకునేవారు). ఆ పదవిలో ఉండగానే 1923 ఏప్రిల్ 28న, ఇంటికి వెళ్తూ రైల్లో కన్నుమూశారు.

సెయింట్ పాల్‌లో శాసనసభ భవనం ముందు ఆయన విగ్రహం ఉంది. పక్కనే తల్లితో ఉన్న చిన్న పిల్లవాడి బొమ్మ కూడా పెట్టారు.