విలియం షాంక్స్

విలియం షాంక్స్ (జనవరి 25, 1812 - జూన్ 1882) ఇంగ్లండుకు చెందిన ఔత్సాహిక గణితజ్ఞుడు. వృత్తాల గణనలో వాడే స్థిరాంకం "పై" విలువను 707 దశాంశ స్థానాల వరకు చేతితో లెక్కించి ప్రసిద్ధి పొందాడు. వీటిలో మొదటి 527 స్థానాలు మాత్రమే సరైనవని ఆయన మరణించిన ఆరు దశాబ్దాల తరువాత తేలింది.

జీవితం

షాంక్స్ నార్తంబర్లాండ్‌లోని కోర్సెన్‌సైడ్‌లో జన్మించాడు. డర్హమ్ ప్రాంతంలోని హౌటన్-లె-స్ప్రింగ్‌లో వసతి పాఠశాల నడిపాడు. గణితజ్ఞుడు విలియం రూథర్‌ఫర్డ్ ఈయనకు మార్గదర్శి.

పై గణన

1706లో జాన్ మాచిన్ కనుగొన్న సూత్రాన్ని షాంక్స్ ఉపయోగించాడు. దీని ప్రకారం 1/5 యొక్క విలోమ స్పర్శజ్యను నాలుగుతో గుణించి, అందులోనుండి 1/239 యొక్క విలోమ స్పర్శజ్యను తీసివేస్తే పై విలువలో నాలుగవ వంతు వస్తుంది. మొదటి శ్రేణిలో ప్రతిసారీ 25తో, రెండవ దానిలో 57,121తో భాగిస్తూ పోవాలి. వచ్చిన వాటిని 1, 3, 5 వంటి బేసి సంఖ్యలతో భాగించి, ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీసివేస్తూ ఉండాలి. 707 స్థానాలకు మొదటి శ్రేణిలో సుమారు 500 పదాలు, రెండవ దానిలో సుమారు 150 పదాలు అవసరం.

1853లో 607 స్థానాలతో పుస్తకం ప్రచురించాడు. మొదటి 440 స్థానాలను రూథర్‌ఫర్డ్ సరిచూశాడు. 1873లో 707 స్థానాల విలువను ప్రకటించాడు. ఇవి కాక "ఇ", ఆయిలర్ స్థిరాంకం, 2, 3, 5, 10ల సహజ సంవర్గమానాలను కూడా అనేక స్థానాల వరకు గణించాడు.

పొరపాటు

607 స్థానాల విలువలో 7 అనే అంకె మిగిలినవాటికంటే చాలా తక్కువగా వస్తున్నదని అగస్టస్ డీ మోర్గాన్ గమనించాడు. కాని లెక్కను పూర్తిగా తిరిగి చేసినవారు లేరు. 1937లో పారిస్‌లోని పాలే ద లా దెకూవెర్త్ ప్రదర్శనశాల గోడపైకి కూడా ఈ 707 అంకెలే ఎక్కాయి. 1940లలో డి.ఎఫ్.ఫెర్గూసన్ వేరొక సూత్రంతో లెక్కించగా 528వ స్థానం నుండి తేడా కనిపించింది. ప్రదర్శనశాలలోని అంకెలను 1949లో సవరించారు. అదే సంవత్సరం ఎనియాక్ కంప్యూటరు 2,037 స్థానాలు గణించింది.

నేటి గణనలో

షాంక్స్ పద్ధతిని జె వంటి అర్రే ప్రోగ్రామింగ్ భాషలో కొద్ది పంక్తులలో వ్రాయవచ్చు. సాధారణ దశాంశ సంఖ్యలు సుమారు 16 అంకెల వరకే కచ్చితం కాబట్టి, ఎంత పొడవైనా కచ్చితంగా ఉండే పూర్ణసంఖ్యలను వాడాలి. 707 స్థానాలకు 1 పక్కన 717 సున్నాలున్న సంఖ్యతో మొదలుపెట్టి, చివరి పది స్థానాలను వదిలివేయాలి. శేషాలను విడిచిపెట్టడం వలన కలిగే దోషం ఆ పదింటిలోనే ఉండిపోతుంది. జెలో పదాల వరుస మధ్య తీసివేత గుర్తును చొప్పిస్తే, కుడి నుండి ఎడమకు గణించే నియమం వలన కూడిక, తీసివేతలు వాటంతటవే మారుతూ జరుగుతాయి. అయినా ఫలితాన్ని మరొక సూత్రంతో సరిచూడవలసిన అవసరం తప్పదు.

యంత్రసహాయం లేకుండా షాంక్స్ సరిగా సాధించిన 527 స్థానాలను ఫెర్గూసన్ కాలం వరకు ఎవరూ దాటలేదు.