నేల బాకీ తీర్చబోయిన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్

పంట ఇల్లు చేరినప్పుడు ధాన్యంతో పాటు నేలలోని నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా పొలం దాటిపోతాయి. అవి తిరిగి చేరకపోతే భూసారం ఏటేటా తరిగిపోతుంది. తిరిగి చేర్చే మార్గాన్ని భారతీయ పల్లెల్లో వెదికిన వృక్షశాస్త్రవేత్త సర్ ఆల్బర్ట్ హోవార్డ్.

ఆయన 1873లో ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్‌లో రైతు కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, కొంతకాలం వెస్టిండీస్‌లో పంట తెగుళ్లను పరిశోధించారు. 1905లో బిహార్‌లోని పూసా పరిశోధనా సంస్థలో చేరారు. అదే ఏడాది వివాహమాడిన గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తే. ఇద్దరూ కలిసి రూపొందించిన పూసా గోధుమ రకాలు పేరు తెచ్చుకున్నాయి. అయితే పరిసర గ్రామాల రైతులు రసాయనాలు లేకుండానే పండిస్తున్న ఆరోగ్యవంతమైన పైర్లు హోవార్డ్‌ను మరింతగా ఆకర్షించాయి. నేర్పడానికి వచ్చిన అధికారి వారి వద్ద నేర్చుకోవడం ఆరంభించారు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయమేమీ కాదు.

1924లో ఇందౌర్‌లో కొత్త పరిశోధనా సంస్థను నెలకొల్పారు. అక్కడ అసలు చిక్కు పేడ కొరత. పల్లెల్లో పేడలో పెద్ద భాగం పిడకలై పొయ్యిలో కాలిపోయేది. మరోవైపు పత్తికట్టె, కందికట్టె, కలుపు మొక్కలు వృథాగా పడి ఉండేవి. వాటిని నేరుగా దున్నేస్తే మేలుకు బదులు కీడే జరిగేది. కట్టెలో కార్బన్ మెండు, నత్రజని స్వల్పం. కార్బన్ నుంచి శక్తి పొందే సూక్ష్మజీవులు తమ పెరుగుదలకు అవసరమైన నత్రజనిని నేల నుంచే లాక్కునేవి. పైరు పస్తులుండేది.

అందుకే ఆ కుళ్లే పనిని పొలం వెలుపలే పూర్తి చేయించారు. గట్టి కట్టెలను దారి మీద పరచి బండి చక్రాల కింద నలగనిచ్చి, పశువులకు పడకగా వేశారు. ఆపై గుంటలో పొరలు పొరలుగా చెత్త, కొద్దిపాటి పేడ, మూత్రంతో తడిసిన కొట్టం మన్ను, కట్టెబూడిద పేర్చి నీరు చల్లారు. సూక్ష్మజీవులు విజృంభించి పోగు వేడెక్కేది. మూడుసార్లు తిరగవేస్తే సుమారు 90 రోజుల్లో నల్లని ఎరువు సిద్ధం. కొంచెం పేడ ఎంతో చెత్తను ఎరువుగా మార్చేది. ఇదే ఇందౌర్ విధానం.

1930లో గాబ్రియెల్ మరణించారు. మరుసటి ఏడాది హోవార్డ్ భారతదేశాన్ని వీడి, ఇంగ్లాండు నుంచి ప్రచారం సాగించారు. సారవంతమైన నేలలో పెరిగిన పైరుకూ పశువుకూ తెగుళ్లు సోకవన్న ఆయన వాదాన్ని తోటి శాస్త్రవేత్తలు పలువురు ఆమోదించలేదు. అందులో అతిశయం ఉన్నమాట నిజమే. పోషకాలను నేలకు తిరిగివ్వాలన్న మూలసూత్రానికి మాత్రం దానివల్ల లోటు రాలేదు.

1947 అక్టోబరులో హోవార్డ్ కన్నుమూశారు. ఈ విధానాన్ని వివరించిన 1931 నాటి గ్రంథంపై ఆయన పేరుతో పాటు ఇందౌర్ సహచరుడు యశ్వంత్ వాడ్ పేరు కూడా ఉంది. ఆ రెండో పేరును నేడు తలచుకునేవారు అరుదు.