ఒకసారి వచ్చి మళ్లీ రాని తప్పు

ఓఎస్ ల్యాబ్‌లో రెండు థ్రెడ్లు, ఒక కౌంటరు. ఒక్కో థ్రెడ్ లక్షసార్లు ఒకటి కలపాలి. మొదటిసారి సరిగ్గా రెండు లక్షలు వచ్చింది. సార్ ముందు రన్ చేస్తే తగ్గింది. మళ్లీ చేస్తే ఇంకో అంకె. నా పార్ట్‌నర్ కోడ్ కెలికాడనుకుని అందరి ముందూ వాడి మీద అరిచేశాను. వాడు ముట్టుకోనే లేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో నేను చదివిన మనిషి ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా.

ఆయన 1930లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో పుట్టాడు. నాన్న కెమిస్ట్రీ టీచరు, అమ్మ లెక్కలు చదివినావిడ. 1952లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌గా చేరాడు. 1957లో పెళ్లి కాగితాల్లో వృత్తి ప్రోగ్రామర్ అంటే ఒప్పుకోలేదు, అలాంటి ఉద్యోగమే లేదట! థియరిటికల్ ఫిజిసిస్ట్ అని రాయించాల్సి వచ్చింది.

మనకి ఆయన షార్టెస్ట్ పాత్‌తోనే తెలుసు. నాకు దగ్గరైంది వేరే సంగతి. ఆ రోజుల్లోనే ఎక్స్1 అనే కంప్యూటర్‌లో ఇంటరప్ట్ పెడదామన్నారు తోటివాళ్లు. అంటే బయటి పరికరం తన పని అవగానే, నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపేస్తుంది. ఆయన భయపడ్డాడు. ఏ క్షణంలో ఆగుతుందో తెలియనప్పుడు, ఒకసారి వచ్చిన తప్పుని మళ్లీ రప్పించి పట్టుకునేదెలా? అయినా ఆ ప్రోగ్రాం తనే రాశాడు. 1959లో డాక్టరేట్ థీసిస్ కూడా ఆ పని మీదే.

నా కౌంటర్‌ గొడవా అదే. ఒకటి కలపడం మన కంటికి ఒక్క లైను. మెషీన్‌కి మూడు పనులు: చదవడం, కలపడం, తిరిగి రాయడం. మధ్యలో రెండో థ్రెడ్ వచ్చి పాత అంకెనే చదివితే ఒక కూడిక గల్లంతు. అసింక్ ఫంక్షన్లలో థ్రెడ్ ఒక్కటే అయినా తప్పించుకోలేం. అవెయిట్‌కి ముందు చదివి తర్వాత రాస్తే, ఆ ఆగిన సమయంలో ఇంకో ఫంక్షన్ వచ్చి అంకె మార్చేయొచ్చు.

దీనికి ఆయన 1960ల్లో సెమాఫోర్ ఇచ్చాడు. రైల్వే సిగ్నల్ లాంటిదే. ఒకరు లోపల ఉంటే ఇంకొకరు బయట ఆగాలి. మన సిలబస్‌లో భోజనానికి కూర్చున్న ఐదుగురు తత్వవేత్తల సమస్య కూడా ఆయన 1965లో ఇచ్చిన పరీక్ష ప్రశ్నలోంచి పుట్టిందే. 1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984లో అమెరికాలోని ఆస్టిన్‌కి వెళ్లి పాఠాలు చెప్పాడు. ఇంకుపెన్నుతో నోట్సు రాసి, కాపీలు తీసి మిత్రులకి పంపేవాడు. అవి వెయ్యికి పైనే. 2002 ఆగస్టు 6న సొంత దేశంలో, క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

పదిసార్లు రన్ చేసి సరిగ్గా వచ్చింది కదా అని నమ్మొద్దన్నది ఆయన జీవితమంతా పట్టుబట్టిన మాట. నేను ఒక్కసారి వచ్చిందాన్ని నమ్మి, పక్కవాణ్ణి అనుమానించాను. మూడో రోజు కాగితం పట్టుకుని వాడి రూమ్‌కి వెళ్లాను. రెండు థ్రెడ్ల అడుగులూ ఎన్ని వరుసల్లో కలవొచ్చో ఇద్దరం రాసుకున్నాం. లాక్ ఎక్కడ పెట్టాలో వాడే చూపించాడు. సారీ అప్పుడు చెప్పాను. ముందు టీ తాగుదాం పద అన్నాడు.