డిచ్‌పల్లి కెర్ దంపతులు



పసుపు వండు దినములలో మన ఆర్మూరు చేలవద్ద పొయ్యిమీది కడాయి ఎంత వేడిగా ఉండునో మీకు చెప్పనక్కరలేదు. ఆవిరి తగిలినంతనే చేయి వెనుకకు తీసికొందుము. చేయి కాలినను తెలియనివాడు ఒకడున్న యెడల తోటివారు వాని మొండితనమును చూచి నవ్వుదురేమో గాని, తెలిసిన పెద్దలు మాత్రము భయపడుదురు. స్పర్శ లేని మచ్చ, నొప్పి లేని పుండు కుష్ఠువ్యాధికి గురుతులు. ఒకప్పుడు ఆ గురుతు కనబడినవానికి ఇల్లు పోయెడిది, ఊరు పోయెడిది, పిల్లల పెండ్లిండ్లు ఆగిపోయెడివి. లేవీయకాండము 13వ అధ్యాయములో పాళెము వెలుపల ఒంటిగా ఉండవలసినవాని సంగతి చదువునప్పుడు మన తాతలకు వ్యాఖ్యానముతో పనిలేకపోయెను. ఊరి చివరి గుడిసె వారు చూచినదే.

ఆర్మూరునుండి హైదరాబాదు పోవు పెద్దబాటమీద డిచ్‌పల్లి వచ్చును. అట్టివారి కొరకు అచ్చట తమ ఆయుష్షు ధారపోసిన భార్యాభర్తల సంగతి ఈ నెల చెప్పుకొందము.

ఇసబెల్ గన్ అను ఆమె 1875లో స్కాట్లాండు ఉత్తరభాగమున ఒక రైతు ఇంట పుట్టెను. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ కాలములో అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి 1903లో డాక్టరు పట్టము పొందెను. ఆ యేడే జార్జి కెర్ గారిని వివాహమాడెను. 1907లో వీరిద్దరు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున నైజాము రాజ్యమునకు వచ్చిరి. ఆ మిషను నాటిన సంఘములే 1947లో దక్షిణ ఇండియా సంఘమున చేరి మెదక్ అధ్యక్ష మండలమైనవి గనుక, వీరు మన ఇంటివారే అనవచ్చును.

దొరగారు సువార్త పనికి, అమ్మగారు వైద్యమునకు. ఆ ప్రాంతమున కుష్ఠువ్యాధి గలవారిని చూచు దిక్కు ఎవరును లేరని ఆమె గ్రహించెను. 1911లో నిజామాబాదులో వారికొక చిన్న ఆశ్రయము ఏర్పడెను. కొద్దికాలములోనే అది నిండిపోయెను. స్థలము లేదని చెప్పి, ఊరు విడిచి వచ్చినవానిని తిరిగి ఎక్కడికి పంపుదురు?

ఆ సమయమున చేయి అందించినవారు రాజా నర్సాగౌడు గారు. ఆయన హిందువు. క్రైస్తవ మిషనువారి పనియని వెనుదీయక, పెద్ద ఆసుపత్రి కట్టుటకు ధనమిచ్చెను. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసెను. కుష్ఠువ్యాధిగ్రస్తుల మిషను కూడ దానికి తోడ్పడెను. మన సంఘ చరిత్రలు చెప్పుకొనునప్పుడు సీమనుండి వచ్చిన డబ్బును గురించియే తరచుగా చెప్పుదుము. నర్సాగౌడు గారి పేరు కూడ పిల్లలకు చెప్పుట న్యాయము.

ఆ కాలమున ఇట్టి స్థలములు చాల వరకు శరణాలయములు. తిండి, బట్ట, చివరకు సమాధి దొరుకును. కెర్ దంపతులు తమదానికి చికిత్సాలయమని పేరు పెట్టిరి. వచ్చినవాడు బాగుపడి తిరిగి పోవలెనని వారి కోరిక. అయితే చికిత్స యేది? మన దేశమున పూర్వమునుండి ఎరిగిన అడవి బాదము జాతి గింజల నూనె ఒక్కటే ఉండెను. అది త్రాగిన వాంతులగును. పలువురు నడుమనే మానుకొనిరి. కలకత్తాలో సర్ లియొనార్డ్ రోజర్స్ గారు దానిని సూదిమందుగా ఇచ్చు విధానము తీసికొని వచ్చిరి. డాక్టరు మ్యూర్ గారు దానిని మెరుగుపరచిరి. ఇసబెల్ అమ్మగారు ఆ పద్ధతి నేర్చి డిచ్‌పల్లిలో మొదలుపెట్టెను.

సూది ఒకనాటితో అయిపోవునది కాదు. నెలల తరబడి, నొప్పి ఓర్చుకొనుచు వేయించుకొనవలెను. త్వరగా వచ్చినవారికి మేలు కలిగెను. వ్రేళ్ళు పోయినవారికి వ్రేళ్ళు తిరిగి రాలేదు. అయినను ఎవరును తాకని దేహమును ఒక డాక్టరమ్మ మరల మరల తాకి చూచుట అచ్చట జరిగెను. మార్కు సువార్త మొదటి అధ్యాయము 40వ వచనము మొదలు చదివినచో, ప్రభువు బాగుచేయు మాట పలుకకముందే చేయి చాపి ముట్టెనని కనబడును. రోగమునకు మాటయే చాలును. ఆ మనిషికి మాత్రము ఆ చేయి కావలసియుండెను.

జార్జి కెర్ గారు డాక్టరు కారు. ఆసుపత్రి నడుపు భారము మాత్రము ఆయన భుజముమీద పడెను. ఇట్టి పని పాటలకెక్కదు. సంఘములో కోశాధికారిగా ఒక్క యేడు పనిచేసినవారికి అది యెట్టిదో తెలియును! ప్రభుత్వమువారు 1923లో కైజర్-ఇ-హింద్ పతకమును భార్యకొకటి, భర్తకొకటి ఇచ్చిరి. అది సరియైన పనియే.

1932లో ఇసబెల్ అమ్మగారు ఈ దేశముననే ప్రభువునందు నిద్రించిరి. వచ్చి అప్పటికి 25 ఏండ్లు. ఇక దొరగారు సీమకు పోయినను ఎవరును తప్పుపట్టియుండరు. ఆయన పోలేదు. భార్య నడచిన వార్డుల నడుమ ఇంకను ఆరేండ్లు ఉండి, 1938లో విశ్రాంతి తీసికొనెను. ఆ ఆరేండ్లను గురించి పుస్తకములు తక్కువ చెప్పును. నాకు ఈ కథలో మనస్సు నిలుచునది అక్కడనే.

ఆ నూనెను తరువాత వైద్యులు పక్కన పెట్టిరి. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టరు జాన్ లో గారే 1940ల చివర ఆఫ్రికాలోని నైజీరియాలో డాప్సోన్ మాత్రలిచ్చి మంచి ఫలితము చూచిరి. సూదికి బదులు మాత్ర వచ్చెను. అమ్మగారు అది చూడలేదు. 1965లో మిషనువారు తమ ఆంగ్ల నామములోనుండి రోగిని సూచించు మాట తీసివేసి, రోగము పేరు మాత్రము ఉంచుకొనిరి. 1980లలో రెండు మూడు మందులు కలిపి ఇచ్చు చికిత్స వచ్చెను.

ఇప్పుడు ఆ మందు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము. వ్యాధి స్వల్పమైనచో 6 నెలలు, ఎక్కువైనచో 12 నెలలు మ్రింగవలెను. మందు మొదలుపెట్టిన కొద్దికాలమునకే ఆ మనిషినుండి ఇతరులకు సోకదు గనుక, ఇల్లు విడువ పనిలేదు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చర్మముమీద మచ్చలేమైన ఉన్నవా అని అడిగినప్పుడు సిగ్గుపడి దాచక, చొక్కా విప్పి వీపు కూడ చూపించుడి. వీపుమీది మచ్చ మన కంటికి కనబడదు, దానికి నొప్పియు ఉండదు.